ఓడల కంపెనీలు నాలుగు తరాలు ఎట్లా నిలబడ్డాయి? మా లారీలు రెండో తరానికే పంచుకునే కాడికి వచ్చాయి

కడప_లారీ_అబ్బాయి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

మాది కడప దగ్గర. ఇంట్లో పదకొండు లారీలు. ఏడు మంగంపేట ముగ్గురాయి మీద తిరుగుతాయి, కృష్ణపట్నానికో చెన్నైకో లోడు, తిరుగు బాడుగ ఏది దొరికితే అది. మిగతా నాలుగు ఎర్రగుంట్ల సిమెంటు. మొదటి బండి మా జేజినాయన కొన్నాడు, ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, సెకండ్ హ్యాండ్‌లో. ఎడమవైపు తలుపు పడేది కాదంట, తాడేసి కట్టుకుని మద్రాసు దాకా పోయొచ్చేవాడు. ఆ ఒక్క బండిని నాయన, చిన్నాయన కలిసి పదకొండు చేశారు. జేజినాయన పోయి ఏడాదిన్నర అయింది. సంవత్సరీకం అయిన నెలకే చిన్నాయన పంచుకుందాం అన్నాడు.

లారీలు పంచుకోవడం పెద్ద కష్టం కాదు, పాత బండి ఒకటి అమ్మేస్తే చెరి ఐదు. గొడవంతా పేరు దగ్గర. మా బండ్లన్నిటికీ నుదుటి మీద మా జేజి పేరే ఉంటుంది, పసుపు మీద ఎర్ర అక్షరాలు. మిల్లులోళ్లు ఎవరూ ట్రాన్స్‌పోర్ట్ పేరు చెప్పరు, 'ఫలానా అమ్మ బండ్లు రెండు పంపండి' అని ఫోన్ చేస్తారు. ఆ పేరు, ఆ ఫోన్ నంబరు ఎవరికి పోతే బాడుగలు వాళ్లకే. నాయనకూ అదే కావాలి, చిన్నాయనకూ అదే కావాలి. మూడు నెలలుగా ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడం లేదు, డీజిల్ లెక్కలు కూడా నా చేత అడిగించుకుంటున్నారు.

ఇప్పుడు ఓడల సంగతి. పోయిన నెల డ్రైవరు ఎగ్గొడితే నేనే బండెక్కి చెన్నై పోయాను. హార్బర్ బయట క్యూలో ఒక రాత్రి, ఒక పగలు. నా ముందున్న ట్రైలర్ మీద కంటైనరు, దాని మీద నీలంలో తెల్ల నక్షత్రం, మెర్స్క్ అని పేరు. వేరే పని లేక ఫోన్‌లో వెతికితే అది 1904లో మొదలైన కంపెనీ, ఇప్పటికీ ఆ ఇంటి చేతిలోనే ఉంది. నాకు నిద్ర పట్టలేదు. ప్రపంచమంతా ఓడలు తిప్పేవాళ్లు నూటిరవై ఏళ్లు ఒక్కటిగా ఉంటే, పదకొండు లారీలకు మేం ఇట్లా కొట్టుకుంటున్నాం ఏంటి? వాళ్లింట్లో అన్నదమ్ములు లేరా? ఓడల ఫీల్డ్ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఐకమత్యమే బలం లాంటివి మాత్రం వద్దు, బద్వేలు మామ రోజూ ఫోన్ చేసి అదే చెప్తున్నాడు.

సెకండ్_ఆఫీసర్_అనంతపురం

తమ్ముడూ, పన్నెండేళ్లుగా ఓడల మీదే బతుకుతున్నా, ఇప్పుడు లీవులో ఇంటికాడ ఉన్నా కాబట్టి తీరిగ్గా రాస్తా.

ముందు ఆ నక్షత్రం సంగతి. డెన్మార్క్‌లో స్వెండ్‌బోర్గ్ అని ఓడరేవు ఊరు, అక్కడ పీటర్ మెర్స్క్ మొల్లర్ అని ఒక కెప్టెన్. 1886లో లారా అనే ఆవిరి ఓడ ఒకటి కొన్నాడు. మీ జేజినాయన బండి లాగే సెకండ్ హ్యాండ్. అంతకుముందు ఆయన భార్యకు బాగా జబ్బు చేసింది. ఒక రాత్రి దేవుణ్ణి సూచన అడిగితే నక్షత్రం కనబడిందంట, ఆ గుర్తుగా పొగగొట్టం మీద నక్షత్రం వేయించానని భార్యకే ఉత్తరం రాశాడు. నువ్వు క్యూలో చూసింది ఆ మొక్కు గుర్తునే. మీ బండి నుదుటి మీద జేజి పేరుకి, దీనికి పెద్ద తేడా లేదు.

1904లో ఆ కెప్టెన్, ఆయన కొడుకు ఏ.పి. మొల్లర్ కలిసి కంపెనీ పెట్టారు, అది కూడా ఒక పాత ఓడతోనే. కొడుక్కి దూకుడెక్కువ, ఓడలు పెంచుదాం అంటాడు, బోర్డులో పెద్దోళ్లు ఆగు ఆగు అంటారు. మన దగ్గరైతే ఇక్కడే మాటా మాటా పెరిగి ఇల్లు రెండయ్యేది. ఆయన 1912లో పక్కనే రెండో కంపెనీ పెట్టుకున్నాడు, కొత్త ఓడలు దాంట్లో పెంచాడు, మొదటిదాన్ని మాత్రం వదల్లేదు, రెండింటినీ ఒకే ఆఫీసు నుంచి నడిపాడు. నాకు ఈ ముక్క బాగా నచ్చుతుంది. 1928లో అమెరికా నుంచి పనామా మీదుగా ఆసియాకు లైన్ వేశారు. 1940లో జర్మన్లు డెన్మార్క్‌ను ఆక్రమిస్తే, ఏ.పి. కొడుకు మెర్స్క్ మెక్‌కిన్నీ మొల్లర్ భార్యతో అమెరికా వెళ్లిపోయి యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉండి పని చూశాడు. పెద్దాయన 1965లో పోయాడు, అప్పటి నుంచి ఈయనే. కంటైనర్లలోకి వీళ్లు దిగింది డెబ్బైల మధ్యలో, అమెరికావాళ్ల కంటే చాలా ఆలస్యంగా. మళ్లీ ఆ అమెరికావాళ్ల సీ-ల్యాండ్ కంటైనర్ లైన్లనే 1999లో కొనేశారు.

ఇక నువ్వడిగిన అసలు విషయం. పెద్దాయన 1953లో ఒక ఫౌండేషన్ పెట్టాడు, తన పేరున, భార్య పేరున. కంపెనీ షేర్లు రెండు రకాలు, ఏ షేరుకు ఓటు ఉంటుంది, బీ షేరుకు లాభం వస్తుంది గానీ ఓటు ఉండదు. ఓట్లలో సగం పైన ఆ ఫౌండేషన్ చేతిలో. అంటే మనవళ్లు మునిమనవళ్లు ఎంతమంది పుట్టినా, వాళ్లల్లో వాళ్లు ఎంత కొట్టుకున్నా, పగ్గం ముక్కలు కాదు. ఎవడో ఒకడు నా వాటా బయటోడికి అమ్మేస్తా అన్నా కంపెనీ చేయి జారదు. లాభంలో ఫౌండేషన్ వాటా ఊరి పనులకు పోతుంది, కోపెన్‌హాగన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఆపెరా హౌస్ వీళ్లు కట్టించి ఇచ్చిందే. కాబట్టి ఇంటి చేతిలోనే ఉందన్నావు చూడు, అది సగమే నిజం. ఇల్లు కాపలా కాస్తోంది, అంతే.

అన్నదమ్ముల సంగతి అడిగావు కదా. ఈ మూడో మొల్లర్, అంటే మెర్స్క్ మెక్‌కిన్నీకి కొడుకులే లేరు, ముగ్గురూ ఆడపిల్లలు. 2012లో 98 ఏళ్లకు ఆయన పోయాక చిన్న కూతురు ఆనె ఫౌండేషన్‌కు పెద్ద అయింది, ఆమె కొడుకు రాబర్ట్ 2022 నుంచి కంపెనీ చైర్మన్. రోజువారీ నడిపేది మాత్రం జీతగాడే. ఇప్పుడున్న సీఈఓకి ఆ ఇంటితో చుట్టరికం లేదు.

తాడిపత్రి_అరటి

అన్న బాగా రాశాడు కానీ నేను ఒప్పుకోను. మునిగిపోయిన ఇళ్లు మనకు కనబడవు కాబట్టి తేలినదాన్ని చూసి అదే దారి అనుకుంటున్నాం.

నేను అరటి గల్ఫ్‌కు పంపిస్తుంటా, ముంబై మీదుగా. 2020లో తాడిపత్రి నుంచి అరటి కోసమే రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటైనర్లతో రైలు వేశారు చూడండి, అప్పటి నుంచి ఈ షిప్పింగ్ లైన్లతో తలనొప్పి నాది. ఒక ఇంటి కథ అన్న చెప్పాడు, ఇంకో ఇంటి కథ నా దగ్గర విను. ఎవర్‌గ్రీన్, తైవాన్ కంపెనీ. 2021లో సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కున్న ఓడ పొట్ట మీద ఇంతింత అక్షరాలతో ఉన్నది వాళ్ల పేరే (ఓడ నిజానికి జపాన్ వాళ్లది, వీళ్లు బాడుగకు తీసుకుని తిప్పుతున్నారు, మన అటాచ్‌మెంట్ బండ్ల లాగ). దాన్ని 1968లో ఒక్క పాత ఓడతో మొదలుపెట్టిన చాంగ్ యుంగ్-ఫా 2016 జనవరిలో చనిపోయాడు. వీలునామాలో ఆస్తంతా రెండో భార్య కొడుకు పేరున రాశాడు. మొదటి భార్య కొడుకులు ఊరుకుంటారా? రెండు నెలలు తిరక్కుండానే వాళ్లు కలిసి ఆ చిన్నోణ్ణి గ్రూపు విమానాల కంపెనీ చైర్మన్ కుర్చీ నుంచి దించేశారు. ఆ రోజు అతను స్వయంగా పైలట్‌గా సింగపూర్ విమానం నడుపుతున్నాడు, దిగి చూసుకునేసరికి కుర్చీ లేదు! తర్వాత ఏళ్ల తరబడి కోర్టులు. అతను వేరే విమానాల కంపెనీ పెట్టుకున్నాడు. ఇది వింటే మా మండలంలో జరిగినట్టు లేదూ?

ఇంకోటి, జర్మనీలో హాంబుర్గ్ సూద్ అని 1871 నాటి లైన్. దాని ఓనర్లు ఓట్కర్ ఇంటివాళ్లు, కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్‌తో పైకొచ్చినవాళ్లు. 2017లో శుభ్రంగా మెర్స్క్‌కే అమ్మేశారు. 2021లో వాళ్ల మిగతా గ్రూపు కూడా పంచుకున్నారు. అయితే ఏమైంది, ఎవరూ అడుక్కు తినలేదు కదా. సరైన టైములో అమ్ముకుని పక్కకు జరగడం కూడా తెలివే. లారీ మీద సెంటిమెంటు పెట్టుకుని వడ్డీలు కట్టుకుంటూ కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశా.

ఓడల్లో అసలు మర్మం కుటుంబం కాదు, బాడుగల ఎగుడు దిగుడు. కోవిడ్‌లో కంటైనర్ దొరకడమే గగనం, మేము అడిగినంత ఇచ్చి కాళ్లు పట్టుకున్నాం. 2022లో ఆ మెర్స్క్ లాభం దాదాపు 2900 కోట్ల డాలర్లు. కోట్లే, డాలర్లే, తప్పు చదవలేదు. మరుసటేడు 400 కోట్లలోపు. బాగున్న ఏడు వచ్చింది దాచుకున్నోడు బాగలేని ఏడు దాటతాడు. మీ ఇంట్లో బాగున్న ఏడు ఏం చేశారు తమ్ముడూ? కొత్త బండి కొని కంతులు నెత్తిన పెట్టుకుని ఉంటారు, అవునా కాదా?

కడప_లారీ_అబ్బాయి

అవునన్నా :( రెండు కొన్నాం. రెండింటికీ ఇంకా కంతులు ఉన్నాయి. ఆ రెండు ఎవరి వాటాలోకి రావాలన్నది ఇంకో పంచాయితీ.

కర్నూలు_పంతులు

రిటైరైన సోషల్ మాస్టర్ని, కాస్త సాగదీస్తాను, క్షమించండి.

సీమవాళ్లకు ఓడల గోల ఎందుకని నవ్వుకునేవాళ్లకు ఒక మాట. మన కేసీ (కర్నూలు-కడప) కాలువను తవ్వింది నీళ్ల కోసం మాత్రమే కాదు, పడవల కోసం కూడా. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్ వాటాదారుల కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట, అక్కడి నుంచి నంద్యాల మీదుగా కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు, మధ్యలో పడవలు దిగడానికి ఎక్కడానికి లాకులు. మా నాన్న చిన్నప్పుడు పడవను ఒడ్డు మీద నుంచి తాడుతో లాగడం చూశాడట, లాకు తలుపులు మూసి నీళ్లు నింపుతుంటే పడవ లిఫ్టు లాగా పైకి లేచేదని చేతులు ఎత్తి చూపించేవాడు. పంటకాలువగా బతికింది గానీ వ్యాపారంగా మునిగింది. 1882లో ప్రభుత్వం కొనేసింది, 1933లో పడవలు ఆపేశారు. ఆ కంపెనీకి సర్కారు వడ్డీ గ్యారంటీ ఇచ్చింది, కాలువ పారినా పారకపోయినా లండన్‌లో వాటాదారుడికి వడ్డీ ముట్టేది. ఇక గట్టు తెగితే ఎవడికి నొప్పి? కుటుంబ కంపెనీల్లో కొట్లాటలు నిజమే గానీ, నొప్పి తగిలేవాడు ఒకడు ఇంట్లోనే ఉంటాడు.

మన దేశపు ఓడల ఇల్లు ఒకటి ఉంది, పిల్లలకు దాని సంగతి ఎవరూ చెప్పరు. సింధియా స్టీమ్ నావిగేషన్. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ఇంకొందరితో కలిసి పెట్టారు. గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గర లాయల్టీ అనే ఓడ కొని కంపెనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది, అందుకే ఇప్పటికీ ఏప్రిల్ 5ను జాతీయ సముద్రయాన దినంగా జరుపుతారు. బ్రిటిష్ లైన్లు బాడుగలు అడ్డంగా తగ్గించి వీళ్లను ముంచాలని చూశాయి. చివరికి 1923లో పదేళ్ల ఒప్పందానికి తలొగ్గి తీరం వెంబడి సరుకుకే పరిమితం కావలసి వచ్చింది. అయినా వదలకుండా 1941లో విశాఖలో ఓడలు కట్టే కార్ఖానాకు పునాది వేయించారు, రాజేంద్ర ప్రసాద్ గారి చేత. 1948లో అక్కడ కట్టిన జల ఉష ఓడను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. విశాఖ సిటీ బస్సెక్కి సింధియా అంటే ఇప్పటికీ టికెట్ కొడతారు, ఆ పేరు ఎందుకొచ్చిందో కండక్టరుకూ తెలీదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. నరోత్తమ్ మొరార్జీ 1929లో కారు ప్రమాదంలో పోయారు. తర్వాతి కాలంలో ఆ కంపెనీకి పెద్ద దిక్కు ఎవరనుకున్నారు? ఆ ఇంటి కోడలు, సుమతి మొరార్జీ. పసితనంలోనే పెళ్లయి ఆ ఇంటికొచ్చింది. మామగారు పోయేనాటికి ఇరవై ఏళ్లు. దేశంలో ఓడల యజమానుల సంఘానికి 1956లో అధ్యక్షురాలైంది, అంతకుముందు ఏ ఆడమనిషీ ఆ కుర్చీలో కూర్చోలేదు. 1965లో డబ్బుల్లేని ఒక ముసలి స్వామికి అమెరికా పోయేందుకు తన సరుకు ఓడ జలదూతలో చోటిచ్చింది, ఆయనే తర్వాత ఇస్కాన్ పెట్టిన ప్రభుపాద. మీ అనంతపురంలో గుర్రాల రథం ఆకారంలో ఉన్న ఇస్కాన్ గుడికి పోయినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి సెకండ్ ఆఫీసర్ గారూ. ఆ తర్వాత సింధియా అప్పుల్లో చితికిపోయింది, అది వేరే కథ, తాడిపత్రి ఆయన చెప్పిన ఎగుడు దిగుడు కథే.

నాయనా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాయన ఏమంటున్నాడో రాశావు, చిన్నాయన ఏమంటున్నాడో రాశావు, బద్వేలు మామ ఏమంటున్నాడో కూడా రాశావు. బండి మీద పేరున్న మనిషి ఏమంటోందో రాయలేదు. మీ జేజి ఉన్నారా? ఉంటే ఎవరైనా అడిగారా?

ప్రొద్దుటూరు_లెక్కలు

మాస్టారు అడిగిన ప్రశ్న నేను చట్టం వైపు నుంచి అడుగుదామనుకున్నా. మీ జేజినాయన వీలునామా రాశాడా? రాయకపోతే ఆయన సొంత సంపాదన కొడుకులిద్దరికే కాదు, భార్యకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది, హిందూ వారసత్వ చట్టం అదే చెప్తుంది. చెరి ఐదు లెక్క ఎవరేసారో గానీ తప్పు. ముందు ఆర్‌సీలు బయటకు తీయి, ఏ బండి ఎవరి పేరున ఉందో చూడు. ఆయన పేరున ఉన్నవి ఒకటి, కొడుకుల పేర్ల మీద కొన్నవి ఒకటి. ఇన్నాళ్లూ భాగస్వామ్య సంస్థగా రాయించారా, నోటి మాట మీదేనా?

బండ్లు ఎవరివి వాళ్లు తీసుకున్నా పేరు, ఫోన్, బుకింగ్ ఆఫీసు మాత్రం ఉమ్మడిగా ఒక చిన్న కంపెనీ కింద ఉంచుకోవచ్చు. లోడు వస్తే వరుస ప్రకారం బండి పోతుంది, ఆఫీసుకి బాడుగలో ఇంత అని కమీషన్. లారీ యూనియన్లలో సీరియల్ పద్ధతి ఉంటుంది చూడు, అదే. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఓటు వేరు, లాభం వేరు అన్నట్టు షేర్లు కూడా రాసుకోవచ్చు, మీ ఆడిటర్ని అడుగు. ఆ డెన్మార్క్ వాళ్ల అంత ఫౌండేషన్ మీకు అక్కర్లేదు.

తాడిపత్రి_అరటి

సీరియల్ పద్ధతి అంటే మొదటి నెల బాగానే ఉంటుంది సార్, రెండో నెలకు 'నా బండి వరుసలో ఉంటే నీ బండి ఎట్లా పోయింది' అని మొదలవుతుంది. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చుకోండి.

కడప_లారీ_అబ్బాయి

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. నాలుగు రోజులు రాయలేకపోయాను, ఇంట్లో చాలా జరిగింది.

మాస్టారూ, ఎవరూ అడగలేదు. నాతో సహా. వీలునామా లేదు. అత్త ఒకామె ఉంది, బద్వేలు మామ భార్య. ఆయన రోజూ ఐకమత్యం గురించి ఎందుకు ఫోన్ చేస్తున్నాడో లెక్కల సార్ పోస్టు చదివాక అర్థమైంది నాకు.

ఆదివారం రాత్రి జేజి దగ్గర కూర్చుని ఆ కెప్టెన్ భార్య నక్షత్రం కథ చెప్పా. ఊ కొడుతూ వినింది. అయ్యాక లేచిపోయి ట్రంకు పెట్టె తీసి రెండు నోటు పుస్తకాలు తెచ్చింది. అవి బాడుగల పుస్తకాలు అనుకున్నా. కాదు, పాల లెక్క. రోజుకు పూటకు ఎన్ని లీటర్లు, ఎవరింటికి, నెలాఖరుకు ఎంత. మొదటి లారీ కొన్నాక తిరుగు బాడుగలు దొరక్క కంతు కట్టలేకపోతే, పద్నాలుగు నెలలు కంతులు కట్టింది ఈమె రెండు ఎనుముల పాల డబ్బుతో. ప్రతి నెలా చివర్లో అడ్డగీత గీసి 'బండికి' అని రాసుంది, జేజికి రాదు కాబట్టి రాతంతా మా నాయనది, బడిపిల్లోడి రాత, అక్షరాలు వంకర్లు. ఆ పద్నాలుగు నెలలయ్యాకే జేజినాయన పెయింటర్ని పిలిపించి నుదుటి మీద పేరు రాయించాడంట. ఇన్నేళ్లు అది భార్య మీద ప్రేమ అనుకున్నా నేను.

పొద్దున ఆ పుస్తకం నాయన ముందు పెడితే చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. చిన్నాయన వచ్చాడు, ఆయన చూసి, 'ఇందులో నేను పుట్టిన నెల కూడా ఉంది, ఆ నెల పాలు తక్కువ' అన్నాడు. మూడు నెలల తర్వాత ఇద్దరూ ఒక మంచం మీద కూర్చున్నారు. రాజీ పడ్డారని కాదు. చిన్నాయన వేరు పడతాననే అంటున్నాడు, బండ్లు పంచాలనే అంటున్నాడు. పేరు సంగతి వచ్చేసరికి జేజి లోపలి నుంచే అంది, 'నా పేరు నన్నడక్కుండా మీరెట్లా పంచుకుంటార్రా' అని. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

వచ్చే ఆదివారం పెద్దమనుషులు వస్తారు, అత్తను కూడా రమ్మన్నాం, ఆడిటర్తో నేను మాట్లాడా. వరుస పుస్తకం తన దగ్గరే ఉండాలంటోంది జేజి, రాసేది మాత్రం అత్త కూతురంట, బీకాం చదువుతోంది. తాడిపత్రి అన్నా, నువ్వడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు, ఎన్ని నెలలు నిలబడుతుందో చూద్దాం. కోడూరు దగ్గర బండి ఒకటి టైరు పగిలి ఆగిపోయిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది, అది కంతులున్న బండే, పోయొస్తా.